అడవిపందికి ఏ రైఫిల్?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. తెలిసిన రైతు తన పొలంలో అడవిపందుల వేటకు రమ్మంటున్నారు. ఏ క్యాలిబర్ రైఫిల్ కొనమంటారు?

జవాబు: మీకిదే మొదటి రైఫిలైతే .308 వించెస్టర్ తీసుకోండి. 1952 నుంచి వాడుకలో ఉంది, తూటాలు సులువుగా దొరుకుతాయి. 150 గ్రెయిన్ల తూటా చాలు. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద డాలులా గట్టిపొర ఉంటుంది. కోసేటప్పుడు కత్తికి కూడా ఒక పట్టాన లొంగదు. .223తో సరిగ్గా చెవి వెనక కొడితే పడిపోతుంది. గురి నాలుగంగుళాలు తప్పిందో, గాయంతో పొదల్లో దూరి గంటల తరబడి నరకం పడుతుంది. కొత్తవాళ్లకు దాన్ని నేను సిఫార్సు చేయను. .308 భుజాన్ని తన్నుతుందని జంకుతుంటే 6.5 క్రీడ్‌మూర్ మంచిదే. పంది గుండె మనమనుకునే దానికంటే కిందకి, ముంగాళ్ల దగ్గరగా ఉంటుంది. గురి అక్కడ పెట్టండి.

అసలు సంగతి మరొకటుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో భూయజమాని అనుమతిస్తే ప్రైవేటు భూమిలో అడవిపందులకు వేట లైసెన్సు అక్కర్లేదు. కానీ మీరు హెచ్-1బి వీసా మీద ఉంటే, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. ముందు లైసెన్సు తీసుకోండి, తర్వాతే దుకాణం మెట్లెక్కండి.