ముట్టిందని రాసిస్తే ముట్టినట్టే

సంక్రాంతి సినిమాల సందడి అయిపోయాక నా ఆఫీసుకు ఒకే రకం కేసులు వరసపెట్టి వచ్చాయి. వచ్చినవాళ్ళంతా ముప్ఫై ఏళ్ళ లోపువాళ్ళే. విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో రోటో చేసేవాళ్ళు, పెయింట్ చేసేవాళ్ళు, కాంపోజిటర్లు. తెర మీద హీరో గాల్లోకి లేస్తే అతన్ని లేపిన తాళ్ళను ఫ్రేము ఫ్రేముకూ చెరిపేది వీళ్ళే. విడుదల తేదీ ముంచుకొస్తుంటే నవంబరు, డిసెంబరు నెలల్లో రాత్రుళ్ళు స్టూడియోలోనే గడిపారు. జీతాలు ఆగాయి. ఓవర్‌టైమ్ ఊసు ఎవరూ ఎత్తలేదు. సినిమా వెళ్ళిపోయింది, వీళ్ళనూ పంపించేశారు.

స్టూడియోలు వేరైనా అందరి దగ్గరా ఉన్న కాగితం ఒక్కటే. ‘నాకు రావలసిన జీతం, ఇతర మొత్తాలు అన్నీ నగదుగా ముట్టాయి. సంస్థ నాకు ఏమీ బాకీ లేదు.’ కింద సంతకం, తేదీ.

“డబ్బు ముట్టిందా?”

“లేదు సార్.”

“మరి ముట్టిందని ఎందుకు రాసిచ్చారు?”

“సంతకం పెడితేనే రిలీవింగ్ లెటర్ ఇస్తామన్నారు సార్. డబ్బు వారంలో వేస్తామన్నారు.”

చదువుకున్నవాళ్ళే. నాలుగు వందల లేయర్లున్న షాట్‌లో ఒక్క వెంట్రుక అంచు తేడాగా ఉన్నా పట్టేసే కళ్ళు. సొంత సంతకం పైన ఏముందో మాత్రం చదవరు. అందుకే మొదటే చెప్తున్నాను: డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడకముందు ముట్టిందన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

చట్టం నిజానికి మీ వైపే ఉంది. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. పాత వేతన చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయల లోపు జీతగాళ్ళకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు. ఉద్యోగి రాజీనామా చేసినా, తీసేసినా, సంస్థ మూతపడినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని సెక్షన్ 17 చెప్తోంది. హెచ్ఆర్ వాళ్ళు 45 రోజుల పాలసీ అంటారు. వాళ్ళ పాలసీ చట్టానికి పైన ఉండదు. ఆ 45 రోజులూ మీ చేత సంతకం పెట్టించుకోవడానికే పనికొస్తున్నాయి.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. ‘నా జీతం వదులుకుంటున్నాను’ అని రాసిచ్చినా అది చెల్లదు. కోడ్ కింద రావలసిన మొత్తాన్ని వదులుకునే ఒప్పందం సెక్షన్ 60 ప్రకారం రద్దే. ఈ మాట యూట్యూబ్‌లో విని చాలామంది ధైర్యంగా సంతకాలు పెడుతున్నారు. కానీ స్టూడియో రాయించుకున్నది వదులుకున్నట్టు కాదు, అందుకున్నట్టు. అది ఒప్పందం కాదు, రశీదు. రశీదును సెక్షన్ 60 రద్దు చెయ్యదు. జీతం చెల్లించామని రుజువు చేసే భారం సెక్షన్ 59 యజమాని మీదే పెట్టింది. ఆ భారాన్ని మీరే మీ పెన్నుతో దించేస్తున్నారు.

ఇప్పుడు నడుస్తున్న కేసు చూడండి. ఒకే స్టూడియో నుంచి అయిదుగురు వచ్చారు. అందులో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక కాంపోజిటర్ అమ్మాయికి నెలకు 32,000 జీతం, మూడు నెలలు బాకీ. విచారణలో స్టూడియో వేసిన కౌంటర్ పేజీన్నర. సారాంశం ఒక్క ముక్క: నగదుగా చెల్లించాం, రశీదు జతపరిచాం. నగదు అన్న మాట అక్కడ ఊరికే పడలేదు. బ్యాంకు ద్వారా వేశామంటే స్టేట్‌మెంట్ చూపించి అబద్ధమని తేల్చేస్తాం. చేతికిచ్చామంటే, ఇవ్వలేదని ఏ స్టేట్‌మెంటు చెప్తుంది? “ఈ సంతకం మీదేనా?” అని అవతలి వకీలు అడిగారు. అమ్మాయి అవునంది. ఇంకేమీ అడగకుండా ఆయన కూర్చున్నారు.

అయిదుగురిలో ఒకబ్బాయి మాత్రం సంతకం పక్కనే తెలుగులో రాశాడు: ‘డబ్బు ఇంకా అందలేదు. ఖాతాలో పడిన తర్వాతే ఇది చెల్లుతుంది.’ వాళ్ళ నాన్న రెవెన్యూ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారట, ఆయన చెప్పి పంపారు. స్టూడియోకు నోటీసు వెళ్ళిన కొద్దిరోజులకే ఆ కుర్రాడికి డబ్బు పడింది. మిగతా నలుగురూ వాయిదాలకు తిరుగుతున్నారు. పెన్నుతో రాసిన ఒక్క వరసకు అంత విలువ ఉంది.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళు చేతులెత్తెయ్యక్కర్లేదు. ఆలస్యం మాత్రం చెయ్యకండి. ఈరోజే స్టూడియోకు ఈమెయిల్ పంపండి: ఫలానా తేదీన సంతకం పెట్టించుకున్నారు, ఇంతవరకు పైసా అందలేదు అని. నెలనెలా బ్యాంకులో జీతం వేసిన సంస్థ చివరి మూడు నెలలదే నగదుగా ఎందుకిచ్చిందో దాని చేతే చెప్పించాలి. దీనికి పన్నుల చట్టం అక్కరకొస్తుంది. ఒక మనిషికి ఒక్క రోజులో 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే దాన్ని వ్యాపార ఖర్చుగా చూపించుకోవడానికి మామూలుగా వీలుండదు. అందుకే నేను క్యాష్ బుక్ తెప్పించమని పిటిషన్ వేశాను. రశీదు రాసిన రోజున అంత నగదు సంస్థ దగ్గర ఉందో లేదో అందులో తేలుతుంది. అవతలి వకీలు అప్పటినుంచి గడువు అడుగుతూనే ఉన్నారు.

రిలీవింగ్ లెటర్ కోసం ఇంత భయం ఎందుకో నాకు అర్థం కాదు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ ఖాతాలో కనిపించే సర్వీసు చరిత్ర, ఇవన్నీ మీరు అక్కడ పని చేశారనడానికి సాక్ష్యాలే. స్టూడియో పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వెయ్యకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. కొత్త స్టూడియో అడిగితే ఇవి చూపించండి. లెటర్ ఎందుకు లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ రంగంలో బాకీపడని స్టూడియో ఏదో వాళ్ళకూ తెలుసు.

పెద్ద సంస్థ కదా, ఎక్కడికి పోతుంది అనుకోకండి. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కూలింది, బెంగళూరు, ముంబయిల్లో వేల మంది రోడ్డున పడ్డారు. మీ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైతే లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. పత్రికలో ప్రకటన వచ్చిన వెంటనే ఆ ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఫారం డి లో మీ బాకీ రాసి పంపాలి. ముట్టిందని సంతకం పెట్టి ఉంటే అక్కడా అదే కాగితం అడ్డొస్తుంది.

ఇక సాక్ష్యం సంగతి. ఈ రంగంలో ఒక చిక్కుంది. హాలీవుడ్ పని తీసుకునే స్టూడియోలు భద్రతా నిబంధనలు పాటించాలి. ఫ్లోర్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, పెన్‌డ్రైవ్ పనిచెయ్యదు, ఇంటర్నెట్ ఉండదు. ఎన్ని గంటలు పని చేశారో స్టూడియో సర్వర్‌లోనే ఉంటుంది. మానేసిన మరుక్షణం మీ లాగిన్ పోతుంది. అప్పుడు కొందరు తెలివితక్కువగా షాట్లు కాపీ చేసుకుని నా దగ్గరికి పట్టుకొస్తున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. విడుదల కాని సినిమా ఫ్రేము మీ దగ్గర దొరికితే జీతం అడిగేవాళ్ళు కాస్తా ముద్దాయిలవుతారు. మనకు బొమ్మతో పని లేదు, గంటలు కావాలి. రోజూ ఇంటికి రాగానే ఒక నోటుబుక్కులో వచ్చిన టైము, వెళ్ళిన టైము రాయండి. అర్ధరాత్రి క్యాబ్ బిల్లులు, తిండి ఆర్డర్లు, ‘రేపు ఆదివారం అందరూ రావాలి’ అన్న కోఆర్డినేటర్ వాట్సాప్ మెసేజీలు, అన్నీ పనికొస్తాయి. స్క్రీన్‌షాట్ తీసేసి ఫోన్ అమ్మకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతపరచాలి, అసలు ఫోన్ ఉంటేనే అది సులువు. మామూలు గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు అడిగే హక్కు మీకుంది, అడగాలంటే గంటలు చూపించాలి కదా.

కొందరిని ఉద్యోగులుగా కాక కన్సల్టెంట్లుగా రాసుకుంటారు. పది శాతం పన్ను కోసి మిగతాది ఇస్తారు, పీఎఫ్ ఉండదు. కాగితం మీద కన్సల్టెంట్ అని ఉన్నంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోరు. టైముకు రమ్మన్నది ఎవరు, సెలవు ఇచ్చింది ఎవరు, కంప్యూటర్ ఎవరిది, ఇవి చూస్తారు. ఇది నెగ్గాలంటే పోరాటం కాస్త పెద్దదే, ఇంకోసారి రాస్తాను.

లేబర్ అధికారుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. ఒక కార్యాలయంలో “సినిమావాళ్ళ గొడవలు ఫిలిం చాంబర్‌లో చూసుకోండి” అన్నారు. మరోచోట “సాఫ్ట్‌వేర్ వాళ్ళు మా పరిధిలోకి రారు” అన్నారు. ఈ మధ్య కొత్త సాకు దొరికింది, కొత్త కోడ్‌కు రూల్స్ రాలేదని. పాత చట్టాల కింద చేసిన నిబంధనలు, ఇచ్చిన నోటిఫికేషన్లు కోడ్‌కు విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయని ఆ కోడ్‌లోనే ఉంది. చదివే ఓపిక లేకపోతే కుర్చీ ఎందుకు? మీరు వాదించకండి. అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోం అంటే ఆ మాటే రాసిమ్మనండి. చాలాసార్లు అంతదాకా రాకుండానే తీసుకుంటారు. సెక్షన్ 45 కింద క్లెయిమ్‌కు మూడేళ్ళ గడువుంది. బాకీతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వెయ్యగల అధికారం ఆ అధికారికి ఉంది. అంత వేసినట్టు నేనింకా చూడలేదు, కానీ యజమానులకు ఆ అంకె గుర్తు చేస్తే ఫోన్లు తొందరగా వస్తాయి.

మా కేసులోనూ ఒక ఫోన్ వచ్చింది. కొత్త సినిమా పని దొరికిందట, కాంపోజిటర్లు కావాలట. ఆ అమ్మాయిని పిలిచి పాత బాకీలో సగం ఇస్తామన్నారు. ముందు కేసు వెనక్కి తీసుకుంటున్నట్టు, మొత్తం ముట్టినట్టు ఒక కాగితం ఇవ్వాలట. “సంతకం పెట్టి వస్తాను సార్, సాయంత్రానికి డబ్బు వేస్తామన్నారు” అని ఆటోలోంచి నాకు ఫోన్ చేసింది. ఆటో వెనక్కి తిప్పించమ్మా అన్నాను.