నిలుకడ గల కాయకము

ఆరంభమున ఉత్సాహము అందరికిని ఉండును. క్రొత్త పలక కొనిన దినమున బాలుడు పదిమార్లు అక్షరములు దిద్దును. దీక్ష పొందిన తొలివారమున ఇష్టలింగపూజ తెల్లవారుజాముననే జరుగును. పక్షము గడచునప్పటికి పలక అటక చేరును. పూజ ప్రొద్దెక్కిన పిమ్మటికి జారును. దీనినే పెద్దలు ఆరంభశూరత్వమనిరి. కార్యములు చెడుటకు శక్తిలేమికంటె నిలుకడలేమియే తరచుగా కారణమగుచుండును. ఈ నిలుకడను అలవరచుకొను మార్గమేదియో పన్నెండవ శతాబ్దిలో కల్యాణపట్టణమున బసవేశ్వరుడును, ఆయన చుట్టు చేరిన శరణులును తమ నడవడితో చూపిరి.

కాయకము అనగా నేమి?

కాయముతో చేయునది కాయకము. కాని చేసిన ప్రతి పనియు కాయకము కానేరదు. కాయకమునకు మూడు లక్షణములు కలవు. అది సత్యశుద్ధమై యుండవలెను. దాని ఫలము దాసోహమునకు చెందవలెను. అది నిత్యము జరుగవలెను. మొదటి రెండు లక్షణములను గూర్చి ప్రసంగములలో తరచు వినబడును. మూడవదానిని గూర్చి వినబడుట తక్కువ. అయినను మొదటి రెండును నిలుచునది మూడవదాని మీదనే. ఒక దినము సత్యముగా పనిచేసి, పది దినములు ఊరకుండువానిది కాయకము కాదు. అది ముచ్చట మాత్రమే.

షట్‌స్థల సిద్ధాంతమును పరికించినను ఇదియే తేటపడును. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములని సాధకునికి ఆరు మెట్లు చెప్పబడినవి. భక్తస్థలమున కాలు నిలువనివానికి ఐక్యస్థలమును గూర్చిన మాటలు మాటలుగానే మిగిలిపోవును.

లక్కమ్మ చూపిన కొలత

ఆయ్దక్కి మారయ్య, ఆయన ధర్మపత్ని లక్కమ్మ కల్యాణమున నివసించిన శరణదంపతులు. కన్నడమున 'అక్కి' అనగా బియ్యము. 'ఆయ్దక్కి' అనగా ఏరిన బియ్యము. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వండి, జంగమారాధన చేయుట మారయ్య కాయకము. అందుచేతనే ఆయనకా పేరు వచ్చెను. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము ఇంటికి తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. మిగులు బియ్యమును తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను తిరిగి పంపెను.

ఈ కథను ఆశ కూడదనుటకు దృష్టాంతముగా చెప్పుట వాడుక. అది సత్యమే. అయినను ఇందు మరియొక పాఠము కలదు. నేడు రెండింతలు తెచ్చినవాడు రేపు ఇంటనే కూర్చుండవచ్చునని తలచును. రెండు దినములు కూర్చుండినవానికి మూడవనాడు వంగి గింజ ఏరుట భారమగును. నేటి అతిశయమే రేపటి అలసతకు మూలము. కావుననే లక్కమ్మ తన భర్తకు కొలత నేర్పెను. తక్కువ చేయుట ఎంత దోషమో, ఆవేశముతో ఒక్కనాడే అధికముగా చేసి అలసిపోవుటయు అంతే దోషము. నేటి కొలత నేటికి, రేపటి కొలత రేపటికి. ఇదియే నిలుకడకు మూలసూత్రము.

బీజాపురపు వకీలు

ఇది పురాణకాలపు మాట, నేటి కాలమున ఎట్లు సాధ్యమని సందేహించువారు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారి జీవితమును పరికింపవలెను. ఆయన 1880 జూలై 2న ధారవాడలో జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. హళకట్టిగారు బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, నేడు విజయపురమని పిలువబడు బీజాపురమున వకీలుగా స్థిరపడెను. పేరును ధనమును సంపాదించుటకు ఆ వృత్తియే చాలియుండెడిది.

20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆయన దృష్టి వచనముల తాళపత్రములపై పడెను. అప్పటికి కొన్ని వచనములు అచ్చయి యుండెను. కాని అధికభాగము మఠములలోను, భక్తుల ఇండ్లలోను తాటాకుకట్టలలోనే యుండెను. ఆ కట్టలకు విభూతి పెట్టి పూజించువారు కలరు. విప్పి చదువువారు కరవైరి. పూజ జరుగుచునే యుండెను, లోపల పురుగు ఆకును తినుచునే యుండెను.

హళకట్టిగారు ఊరూర తిరిగి ఆ ప్రతులను సేకరింపసాగెను. ఆ పని యెట్టిదో తెలిసినగాని ఆయన ఓర్పు విలువ తెలియదు. తాటాకుపై గంటముతో గీచిన గీతలలో మసి రుద్దినగాని అక్షరము తేటపడదు. పదమునకును పదమునకును నడుమ ఎడము ఉండదు. ఎండిన ఆకు వ్రేలు గట్టిగా తగిలినచో విరుగును. ఒక కట్టలో పలువురి వచనములు కలసియుండును. ఏ వచనము ఎవరిదో తెలుపునది చివరనున్న అంకితమే. కూడలసంగమదేవ అంకితమున్న వచనము బసవేశ్వరునిది, గుహేశ్వర అంకితము అల్లమప్రభువుది, శ్రీశైలనాథుని తలచు చెన్నమల్లికార్జున అంకితము అక్కమహాదేవిది. ఇట్లు ఒక్కొక్క ఆకు చదివి, ఎత్తి వ్రాసి, అంకితమునుబట్టి వేరుపరచి, ఒక ప్రతిని మరియొక ప్రతితో సరిచూడవలెను. రోజంతయు శ్రమించినను చేతికందునది కొద్ది పుటలే.

ఈ శ్రమ సుమారు ఇరువది యేండ్లు సాగెను. ఈ నడుమనే 1910లో లింగాయత విద్యాసంస్థను, 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకును బీజాపురమున నెలకొల్పుటలో ఆయన ముందు నిలిచెను. అయినను తాళపత్రముల పని ఆగలేదు.

ఎట్టకేలకు గ్రంథము సిద్ధమయ్యెను. మంగళూరులోని ఒక అచ్చుకూటమునకు వ్రాతప్రతిని పంపగా, అచ్చటివారు ముద్రింపక తిప్పి పంపిరని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. ఇరువది యేండ్ల శ్రమ మూటగా ఇంటికి తిరిగివచ్చినపుడు ఎవరి మనస్సు క్రుంగదు? అచ్చటనే ఆయన ఆగియున్నచో నిందింపగలవారెవరును లేరు. ఆయన ఆగలేదు. 1923లో 'వచనశాస్త్రసార' మొదటి భాగము బెళగావిలో అచ్చయ్యెను.

వేగము ఎట్లు వచ్చును?

ఆ తరువాత జరిగినది గమనింపదగినది. 1925లో ఆయన సొంత ఇల్లు అమ్మి 'హితచింతక' అను అచ్చుకూటమును స్థాపించెను. 1926లో 'శివానుభవ' త్రైమాసపత్రికను ఆరంభించెను. ఆ యేడే బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు అధ్యక్షుడయ్యెను. 1927లో 'నవకర్ణాటక' వారపత్రిక వెలువడెను. 'వచనశాస్త్రసార' తరువాతి భాగములు 1930 దశకమున వచ్చెను. ఇరువది యేండ్లకు ఒక్క గ్రంథము. పిమ్మట నాలుగేండ్లలో అచ్చుకూటము, రెండు పత్రికలు, సాహిత్యసభలో అగ్రపీఠము. చూచువారికిది ఒక్కసారిగా కలిసివచ్చిన అదృష్టమువలె తోచును. కాని బావి త్రవ్వువాని చివరి గడ్డపారపోటునకు నీరు పడినంతమాత్రమున, ముందటి పోట్లు వ్యర్థమనువాడు వివేకి కాడు.

తెలుగునాటను ఇట్టి కృషి ఆ కాలముననే సాగెను. పాల్కురికి సోమనాథుని 'బసవపురాణము'ను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరింపగా 1926లో మదరాసున ఆంధ్రగ్రంథమాల ప్రకటించెను. సోమనాథుని ఆ కావ్యమునే భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చి యుండెను. ఒక భాషవారి ఓర్పు మరియొక భాషవారికి ధనమగుట ఇట్లు అనాదిగా జరుగుచున్నది.

హళకట్టిగారి కృషివలన రెండువందలకు పైగా వచనకారులు వెలుగులోనికి వచ్చిరి. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చెను. 1964 జూన్ 29న ఆయన లింగైక్యుడయ్యెను. ఆయన ఆస్తి కూడబెట్టలేదు. అమ్మిన ఇల్లు లెక్కకు వచ్చునుగాని, కట్టిన మేడ లెక్కకు రాదు. కాని ఆయన వేసిన పునాదిపై 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచనసంపుటములను 15 సంపుటములుగా వెలువరించెను. 2012లో బెంగళూరులోని బసవసమితి సుమారు 2500 వచనములను తెలుగు మొదలగు భాషలలోనికి తెచ్చెను. విజయము అనగా నేమియో ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను.

ఓర్పు అనగా ఊరకుండుట కాదు

ఓర్పును గూర్చి ఒక పొరపాటు భావన కలదు. కాలము కలిసివచ్చునని చేతులు ముడుచుకొని కూర్చుండుటను కొందరు ఓర్పు అందురు. అది సోమరితనమునకు పెట్టిన మంచి పేరు. ఫలము కనబడని దినమున సైతము నాటి పనిని నాడు చేయుటయే ఓర్పు. తిప్పి పంపబడిన వ్రాతప్రతిని చేతబట్టుకొని మరియొక అచ్చుకూటమును వెదకుటయే ఓర్పు.

గృహములలో ఆచరణ

పిల్లలకైనను పెద్దలకైనను తొలి నియమము కొలత చిన్నదిగా నుండుట. ప్రొద్దున నాలుగు గంటలు చదివెదనను ప్రతిజ్ఞ నాలుగు దినములు నిలుచును. అరగంట చదివెదనను ప్రతిజ్ఞ ఏడాది నిలుచును. రెండవ నియమము వేళ మారకుండుట. లింగపూజ ముగిసిన వెంటనే చదువునకు కూర్చుండు బాలునికి వేరుగా గుర్తుచేయువారు అక్కరలేదు. మూడవ నియమము అన్నిటికంటె ముఖ్యము. జ్వరమువలననో ప్రయాణమువలననో ఒక దినము తప్పినచో మరునాడు రెండింతలు చేయబూనరాదు. యథాప్రకారము ఆ నాటి కొలతతోనే తిరిగి మొదలిడవలెను. తప్పిన దినమునకు దుఃఖించుచు మానివేయువారే అధికము. లక్కమ్మ మాట ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

పరీక్ష తప్పిన పిల్లవానిని నలుగురిలో నిందించు తల్లిదండ్రులు కలరు. ఆ బాలుని చేతిలో నున్నది తిరిగివచ్చిన వ్రాతప్రతి వంటిదే. దానిని చింపివేయునో, మరల పట్టుకొని బయలుదేరునో, ఆ సాయంత్రము ఇంటివారు పలుకు మాటనుబట్టి యుండును.

దినమునకు ఒక్క వచనము చదువుకొను బాలిక 2500 వచనములను ఏడేండ్లు నిండకముందే పూర్తిచేయగలదు. ఆరవ తరగతిలో మొదలిడినచో పదునెనిమిదేండ్లనాటికి ఆ నిధి యంతయు ఆమె సొత్తగును. మఠమున విప్పని తాటాకుకట్ట యున్నచో దినమునకు ఒక ఆకు చొప్పున ఎత్తి వ్రాసినను ఏడాదికి 365 ఆకులు పూర్తియగును. ఒక ఆకు చాల చిన్న పని. దానిని నేడు చేయకుండుటకు కారణము మాత్రము దొరకదు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. లక్కమ్మ మిగులు బియ్యమును తిరిగి పంపుటలో ఆశ లేకుండుటయే గాక మరి యే నీతి కలదు?
2. హళకట్టిగారి తొలి ఇరువది యేండ్లకును, 1923 తరువాతి నాలుగేండ్లకును గల సంబంధమేమి?
3. గతమున మొదలిడి మానివేసిన మంచి పని యేది? దానిని రేపటినుండి ఎంత కొలతతో తిరిగి ఆరంభింపవచ్చును?