మన గుట్టలు ఎలా పుట్టాయి?



మా నాన్న బండలు కొట్టే కూలీ. నేను ఈ హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి "ఈ బండ ఎట్ల పుట్టిందిరా?" అని అడిగాడు. చెప్పలేకపోయాను. ఎం.ఎస్సీ. జియాలజీలో చేరాక జవాబు దొరికింది.

భూమి లోపల కరిగి ఉండే శిలాద్రవమే మాగ్మా. చుట్టూ ఉన్న రాళ్ళకంటే తేలిక కనుక అది పైకి లేస్తుంది. బయటికి వచ్చి పారితే లావా అంటాం. అది త్వరగా చల్లారి, సన్నని రేణువులున్న బసాల్ట్ అవుతుంది. బయటికి రాకుండా కిలోమీటర్ల లోతులో ఆగిపోతే, పైనున్న రాళ్ళు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతాయి. అది నెమ్మదిగా చల్లారుతుంది కనుక స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. గ్రానైట్ అలా పుట్టినదే. వీటిని అంతర్గత అగ్నిశిలలు అంటారు.

పరీక్షకు గుర్తుంచుకోండి:

బాతోలిత్ – 100 చ.కి.మీ. కంటే ఎక్కువగా బయటపడిన పెద్ద శిలారాశి.

డైక్ – పొరలను కోస్తూ పగుళ్ళలో గోడలా గట్టిపడినది.

సిల్ – పొరల మధ్య వాటికి సమాంతరంగా పరచుకున్నది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాన్ని కోస్తూ నల్లని డోలరైట్ డైకులు కనిపిస్తాయి. కోసిన రాయి కంటే కోతపడిన రాయే పెద్దది, అంటే ముందు పుట్టినది. పైనున్న రాళ్ళు ఎండకు, వానకు అరిగిపోవడం వల్లనే ఈ గ్రానైట్ మన కంటబడింది.

మొన్న ఇంటికి వెళ్ళి ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన ఒక ముక్కను చేతిలో తిప్పి, పెద్ద పలుకులు చూసి, "అయితే ఇది నిదానంగ చల్లారింది" అన్నాడు. బడికి పోని మా నాన్నకే అర్థమైంది. మీకు కాదా?