ఐసీయూ మంచం పక్కన నర్సు: రోలా పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: షార్జా రోలాలో ఒక గదిలో ఆరుగురం ఉంటాం. ఒకతనికి న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ పెట్టారు. వెళ్లినప్పుడల్లా నర్సు ఏదో రాసుకుంటూనో, అతన్ని అటూ ఇటూ దొర్లిస్తూనో కనిపిస్తుంది. చేతులు మంచానికి కట్టేశారు. డాక్టరు మాత్రం వచ్చి చూసి వెళ్లిపోతాడు. ఇదేం వైద్యం?

జవాబు: వైద్యమే, అందులో సింహభాగం ఆ నర్సుదే. ఇంటెన్సివ్ కేర్ పుట్టిందే మంచం పక్కన మనిషి కాపలాతో. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుడు రోగుల గొంతుకు కన్నం పెట్టించి, గొట్టం అమర్చి, వైద్య విద్యార్థుల చేత రాత్రింబగళ్లు వంతులవారీగా గాలి సంచి నొక్కించాడు. మరుసటి ఏడు అలాంటి రోగులకు ప్రత్యేక వార్డు వెలిసింది. ఊపిరి పోసే పనిని తర్వాత యంత్రం తీసుకుంది. కనిపెట్టి ఉండే పని నర్సుకే మిగిలింది.

దొర్లించేది పడకపుండ్లు రాకుండా. స్పృహలేని మనిషి కదలకుండా పడుంటే నడుము కింద, మడమల దగ్గర చర్మం గంటల్లోనే చితకడం మొదలవుతుంది. అందుకే సాధారణంగా రెండు గంటలకోసారి ఒత్తిగిలిస్తారు. తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచేది, నోరు మాటిమాటికీ తుడిచేది, నోట్లోని, పొట్టలోని ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారి కొత్త న్యుమోనియా తెచ్చిపెట్టకుండా.

ఇక రాతల సంగతి. మూత్రం సంచిలో గంటగంటకూ ఎంత చేరిందో నర్సు లెక్క రాస్తుంది. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. రెండు గంటలు వరసగా తగ్గితే కిడ్నీలకు రక్తం చాలడం లేదేమోనని డాక్టరుకు కబురు వెళుతుంది. చాలాసార్లు రక్తపోటు పడిపోక ముందే ఆ సంచి సంగతి చెప్పేస్తుంది. మానిటర్ అలారం మోగితే మంచి నర్సు ముందు చూసేది తెరను కాదు, రోగి ముఖాన్ని. వేలికి పెట్టిన క్లిప్పు ఊడినా, వేళ్లు చల్లబడినా ఆక్సిజన్ అంకె తప్పుగా పడిపోతుంది.

చేతులు కట్టేది సగం మెలకువలో ఊపిరి గొట్టం లాగేసుకుంటారని. అయితే అది చివరి ఉపాయంగానే ఉండాలి. మధ్యమధ్య కట్లు విప్పి చర్మం, రక్తప్రసరణ చూడాలి. రోజంతా విప్పకపోతే కారణం అడగడంలో తప్పు లేదు.

అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: ఈ షిఫ్టులో ఈ నర్సు చేతికింద ఎంతమంది? వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు, తప్పనిసరైతే ఇద్దరికి ఒకరు. అంతకు మించితే పైన చెప్పిన పనుల్లో ఏదో ఒకటి వాయిదా పడుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే ముప్పు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. వాళ్లు సాధారణ వార్డు వాళ్లు. ఐసీయూలో ఈ లెక్క ఇంకెంత ముఖ్యమో వేరే చెప్పాలా? ఇన్ని పనులున్న నర్సును గదిలోని ఐదుగురూ వంతులేసుకుని ఫోన్లో అదే మాట అడగడం రోగి సమయాన్ని తినేయడమే. ఒకరే మాట్లాడి, ఊళ్లోని ఇంటివాళ్లకూ ఆ ఒక్కరే చెప్పాలి.

ప్రశ్న: ముక్కు గొట్టంలో ఇంటినుంచి తెచ్చిన కొబ్బరినీళ్లు పోయవచ్చా?

జవాబు: కూడదు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు అందులోని పొటాషియం గుండెకే ముప్పు.

ప్రశ్న: మా బావకు మెలకువ వచ్చింది కానీ గొట్టం వల్ల మాట రాదు. తెలుగు తప్ప మరో భాష తెలియదు, సిస్టరు మలయాళీ. గింజుకుంటుంటే మతి చలించిందేమోనని భయంగా ఉంది.

జవాబు: ఐసీయూలో ఇలాంటి తికమకను డెలిరియం అంటారు. ఇన్ఫెక్షన్, మత్తుమందులు, నిద్రలేమి వల్ల వస్తుంది, చాలామందికి తగ్గిపోతుంది. ఆ పేరు పెట్టేముందు నొప్పి, దాహం, గొట్టంలో కఫం ఉన్నాయేమో చూడాలి. ఒక కాగితం మీద ‘నొప్పి’, ‘దాహం’, ‘ఊపిరాడట్లేదు’, ‘చలి’, ‘పక్కకు తిప్పండి’ అన్న మాటలు తెలుగులో, ఎదురుగా అదే ఉచ్చారణ, అర్థం మలయాళంలో రాసి నర్సుకివ్వాలి. చదువు రాని రోగికి బొమ్మలు గీయాలి. ఒకసారి కన్నార్పితే అవును, రెండుసార్లయితే కాదు అని ఒప్పందం చేసుకోవచ్చు. కళ్లజోడు తెచ్చిపెట్టాలి. చూడ్డానికి వెళ్లినవాళ్లు మంచం పక్కన ఏడవడం మాని, ఏ ఊళ్లో ఉన్నాడో, ఇవాళ ఏ వారమో తెలుగులో చెప్పాలి.

ప్రశ్న: ఇక లాభం లేదంటున్నారు. వెంటిలేటర్ తీసేయమని మేమే అడగవచ్చా?

జవాబు: అడిగినా కుదరదు. యూఏఈ 2016 వైద్య బాధ్యత చట్టం ప్రకారం రోగి కోరినా, ఇంటివాళ్లు కోరినా ప్రాణం తీయడం నిషిద్ధం. గుండె, ఊపిరి పూర్తిగా ఆగిపోవాలి, లేదా మెదడు పనులన్నీ ఆగిపోవాలి, అది మళ్లీ కోలుకోదని వైద్యులు తేల్చాలి. అప్పుడే యంత్రం తీస్తారు. నయంకాని జబ్బుతో చివరి ఘడియల్లో ఉన్న రోగికి, చికిత్సలన్నీ అయిపోయి ఫలితం లేదని తేలి, కనీసం ముగ్గురు కన్సల్టెంట్లు అదే మేలని నిర్ణయిస్తే, ఆగిన గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం మాత్రం మానవచ్చు. మానేది అదొక్కటే. నొప్పి మందులు, నోరు తడపడం, ఒత్తిగిలించడం యథాతథంగా సాగాలి. సాగకపోతే నర్సింగ్ ఇన్‌చార్జిని నిలదీయవచ్చు.