ప్రయోగం గని అడుగున, పని బల్ల మీద

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డుల మీద బ్యాంకులు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ కోర్సులు కనిపిస్తాయి కానీ న్యూట్రినో అనే కణం మాట ఉండదు. బడంగ్‌పేట్ నుంచి రోజూ అక్కడికి బస్సెక్కే బీఎస్సీ విద్యార్థికి అది మహామేధావుల వ్యవహారమనిపిస్తే తప్పులేదు. అయితే న్యూట్రినోలను వెతికే భూగర్భ భౌతికశాస్త్రంలో చాలా పని నేల మీదే, చేతులతోనే సాగుతుంది. మామూలు డిగ్రీ విద్యార్థికి చోటున్నదీ అక్కడే.

అరచెయ్యి చాపితే కాస్మిక్ కిరణాల నుంచి పుట్టే మ్యూయాన్ కణం సెకనుకు దాదాపు ఒకటి అందులోంచి దూసుకుపోతుంది. ఈ రొదలో న్యూట్రినో జాడ దొరకదు గనుకే రాతి కిందికి దిగుతారు. చిత్తూరు జిల్లా పొరుగునున్న కోలార్ బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హం బృందాలు 1965లో వాతావరణ న్యూట్రినోలను పట్టుకున్నాయి. ఇప్పుడు వాడే డిటెక్టర్లలో ఒక రకం చూడండి: రెండు గాజు పలకలు, నడుమ 2 మిల్లీమీటర్ల సందు, అందులో వాయువు, పది వేల వోల్టుల దాకా విద్యుత్తు. కణం దాటిన చోట చిన్న మెరుపు. వాయువు ఎక్కడ లీకవుతోంది, ఏ ఛానల్ ఊరికే మోగుతోంది అని వెతకడం విద్యార్థుల పనే. న్యూట్రినో వేటకు అడ్డమయ్యే మ్యూయాన్లే ఈ పరీక్షకు పనికొస్తాయి!

‘దేశంలో ఇప్పుడు అలాంటి గనులేవీ?’ అంటారు. నిజమే, తమిళనాడులోని తేని దగ్గర తలపెట్టిన న్యూట్రినో అబ్జర్వేటరీకి 2015లో కేంద్రం అనుమతిచ్చినా నిరసనలు, కేసుల నడుమ అది ఆగిపోయింది. కానీ జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ప్రయోగశాల ఉంది. అమెరికాలోని నోవా న్యూట్రినో ప్రయోగంలో మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ భాగస్వాములు. డేటా విశ్లేషణకు గచ్చిబౌలి దాటక్కర్లేదు. ఉద్యోగాల మాట మాత్రం బరువైనదే. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, శాశ్వత పోస్టులు కొద్ది. ప్రొఫెసర్ కుర్చీ ఒక్కటే లక్ష్యమైతే నేను వద్దనే అంటాను. ఎలక్ట్రానిక్స్, సీ ప్లస్ ప్లస్, గణాంకాలు చేతికి రావడమూ లెక్కలోకి తీసుకుంటే బేరం మారుతుంది.

సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ‘నాకు ఆసక్తి ఉంది’ అని రాస్తే ఎవరూ కదలరు. సెర్న్ ఉచితంగా ఇచ్చే డేటాలోంచి రెండు మ్యూయాన్ల హిస్టోగ్రామ్ గీయండి. 91 GeV దగ్గర లేచే జెడ్ బోసాన్ శిఖరాన్ని చూపి, మీ కొలతలో దోషం ఎంతో కింద రాయండి.