సామానునొద్ద నిలిచినవారి భాగము

పాఠ్యభాగములు: 1 సమూయేలు 30:1–25, నెహెమ్యా 8:9–12



క్రిస్మసు నెల వచ్చునప్పటికి మన కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు సాగుచుండును. తుపాను రాని సంవత్సరమున కళ్లములలో ధాన్యము రాసులుగా నుండును, ఇంటింట పిండివంటలకు బియ్యము నానబోయుదురు. ఆ నెలలోనే 7వ తేదీన దేశమంతట సాయుధ దళముల పతాక దినము. 1949 నుండి ఇది జరుగుచున్నది. చిన్న జెండాను రొమ్మునకు తగిలించుకొని మనమిచ్చు సొమ్ము మాజీ సైనికుల యొక్కయు, విధవరాండ్ర యొక్కయు, వారి పిల్లల యొక్కయు సంక్షేమమునకు పోవును. ఈ నెల ఆ కుటుంబములను గూర్చియే పాఠము చెప్ప గోరుచున్నాము.

దావీదును అతని ఆరువందల మందియు దండుతో వెళ్లియుండగా అమాలేకీయులు సిక్లగుమీద పడి ఊరు తగులబెట్టి, ఆడవారిని పిల్లలను చెరపట్టుకొని పోయిరి. యుద్ధమునకు వెళ్లినవాని యిల్లు వెనుక దిక్కులేనిదగుట ఈనాటి సంగతి కాదని దీనివలన తెలియుచున్నది గదా. తరిమి వెళ్లునప్పుడు రెండువందల మంది అలసిపోయి బెసోరు వాగునొద్ద సామానుతో నిలిచిపోయిరి. జయము కలిగిన తరువాత కొందరు దుర్మార్గులు, వీరికి భార్యాపిల్లలను అప్పగించిన చాలును, సొమ్ములో పాలు ఇయ్యనక్కరలేదనిరి. దావీదు ఒప్పుకొనలేదు. ముందుకు పోయినవానికిని వెనుక నిలిచినవానికిని సమభాగమని తీర్పు చెప్పెను. అది ఇశ్రాయేలీయులలో కట్టడయైనది. దీనిని దాతృత్వమని కాక కట్టడ అని చెప్పుటను గమనించుడి. దయ తలచిన దినమున ఇచ్చి మరచిన దినమున మానివేయునది కాదది.

మన గ్రామములలో సామానునొద్ద నిలిచినవారెవరు? తాడేపల్లిగూడెము దగ్గరనున్న మాధవరమును అందరు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. మొదటి ప్రపంచయుద్ధపు నాటినుండి అక్కడివారు సైన్యములో చేరుచున్నారు. మన పల్లెలనుండియు బెంగుళూరులోని మద్రాసు ఇంజనీరు దళమునకును, నీలగిరులలో వెల్లింగ్టనునందున్న మద్రాసు రెజిమెంటునకును పిల్లలు పోవుచున్నారు. కుమారుడు సైన్యములో చేరగానే ఊరివారు, వారికేమి, మిలిటరీవారిల్లు, అని అనుకొందురు. ఆ మాటయే ఆ యింటి తల్లి నోరు కట్టివేయును. కూలివాని భార్య బియ్యము బదులడుగును. సైనికుని భార్య అడుగలేదు. అడిగినచో సరిహద్దున నున్న భర్తకు తలవంపులని తలంచును.

లెక్క చూతము. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో చేరిన పిల్లవానికి మొదటి సంవత్సరము నెలకు 30,000 రూపాయలు. అందులో నూటికి 30 వంతులు నిధికి పోగా చేతికి వచ్చునది 21,000. అతని ఖర్చు పోయి మిగిలినది తల్లిదండ్రులకు, చెల్లెలి చదువునకు, పాత అప్పునకు పోవలెను. నాలుగేండ్లు గడచిన పిమ్మట నూటికి 25 మందికి మించి నిలువరు. మిగిలినవారికి నిధి సొమ్ము వచ్చును గాని పింఛను లేదు.

పూర్వము పనిచేసినవారిలోను పదునైదేండ్లు నిండకమునుపే ఇంటికి వచ్చిన జవానులు అనేకులకు పింఛను రాలేదు. ఇట్టివారికిని వారి విధవరాండ్రకును 65 ఏండ్లు దాటి, వేరే ఆదాయము లేనియెడల, రక్షణమంత్రి పేరిట నున్న మాజీ సైనికుల సంక్షేమనిధి నుండి నెలనెల సహాయము గలదు. అది 4,000 రూపాయలుండగా 2025 నవంబరు 1 నుండి పెట్టు దరఖాస్తులకు 8,000 చేసిరి. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పోవలెను. చదువు రాని వృద్ధురాలికి ఈ మాట ఎవరు చెప్పుదురు? డిశ్చార్జి పుస్తకము పెట్టె అడుగున చెదలు పట్టుచుండును.

పింఛను వచ్చువారికిని ఒక చిక్కు కలదు. సంవత్సరమునకొకసారి తాము బ్రతికియున్నట్లు రుజువు చూపనియెడల పింఛను ఆగిపోవును. అనేకులు దీనిని నవంబరులో ఇత్తురు. అది తప్పిన యింటికి చేతిలో పైకము లేకుండగనే పండుగ వచ్చును. పొలములో నాట్లు వేసి అరిగిన వ్రేలి ముద్ర యంత్రమునకు సరిగా పడదు. ముఖము చూపి ఫోనులోనే చేయు పద్ధతియు ఇప్పుడున్నది. రుజువు ఇచ్చినంతనే ఆగిన సొమ్ముతోకూడ పింఛను మరల వచ్చును. మన యౌవనస్థుల సమాజమువారు ఫోనులు చేతపట్టుకొని చేయు పనులలో దీనికంటె మంచి పని మాకు తోచుటలేదు.

ఇక ఆహారపు మాట. నెహెమ్యా దినములలో జనులు ధర్మశాస్త్రము విని ఏడ్చుచుండగా, ఏడువవద్దు, పండుగ చేసికొనుడి, అయితే ఏమియు వండుకొననివారికి పాళ్లు పంపుడి, అని పెద్దలు చెప్పిరి. రండి, వచ్చి పుచ్చుకొనుడి, అని చెప్పలేదు. వంతు ఇంటికే పోయినది. గుడిముందు వరుసగా నిలువబెట్టి ఫోటో తీసి ఇచ్చు దుప్పట్లు, సంచులు ఆ వాక్యమునకు సరిపడునో లేదో పెద్దలు ఆలోచింతురు గాక. సైనికుని తల్లి ఆ వరుసలోనికి రాదు.

స్త్రీల సమాజమువారికి పిడికెడు బియ్యము క్రొత్తది కాదు. వంట వండునప్పుడెల్ల పిడికెడు తీసి వేరు కుండలో వేయుట మన తల్లులు చేసినదే. మిజోరమునందలి సంఘస్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇట్టి పద్ధతివలననే అక్కడి సంఘకార్యములు గొప్పగా సాగినవి. పూటకు పిడికెడు చొప్పున నవంబరు మొదటి ఆదివారమునుండి తీసినచో క్రిస్మసునాటికి నూరు పిడికిళ్లు అగును. పదియిండ్లవారు కలిసిన ఒక కుటుంబమునకు పండుగయు, దాని తరువాతి వారములును గడచును. బియ్యముతోపాటు కందిపప్పు, నూనె, బెల్లము, చింతపండు చేర్చుడి. పిల్లలున్న యింటికి గుడ్లు పంపుడి. కోత అయినవారు క్రొత్త ధాన్యములో ఒక కుంచము ఇచ్చినను మంచిదే, గాని క్రొత్త బియ్యపు అన్నము ముద్దయగును గనుక పాత బియ్యము దొరికిన పాతవే ఇయ్యుడి.

మోసికొని పోవుటకు ఇద్దరు స్త్రీలు చాలును. చీకటి పడిన తరువాత వెళ్లుడి. ఎవరిచ్చిరని అడిగినచో సంఘమిచ్చినదని చెప్పుడి, పేర్లు చెప్పకుడి. వెళ్లినప్పుడు కూర్చుండి, అబ్బాయి ఎక్కడున్నాడు, ఫోను చేసెనా, సెలవు దొరికెనా, అని అడుగుడి. పింఛను పుస్తకము, డిశ్చార్జి కాగితములు ఉన్నవేమో అప్పుడే కనుగొనుడి. సంఘములో అట్టి కుటుంబములెన్నియో పెద్దలు ప్రతి పేటలో విచారించి, నవంబరు నెలాఖరులోగా మాకు తెలియజేయవలెను. క్రైస్తవులు కాని సైనిక కుటుంబముల పేర్లను విడిచిపెట్టవద్దు.