స్టీరింగ్ వదిలేయొచ్చన్న మాట కాగితం మీద ఉందా?

కిషన్‌బాగ్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "కొత్త కారు కొందామని షోరూంకి పోయినం. కింది మోడల్‌కీ టాప్ మోడల్‌కీ లక్షన్నర పైనే తేడా ఉంది. ఎందుకంటే 'అన్నా, దీంట్ల ఏడాస్ ఉంది, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టకున్నా బండి దానంతటదే నడుస్తది' అంటుండు అక్కడి పిలగాడు. తీసుకోవాల్నా, వద్దా? తీసుకున్నాక పని చెయ్యకుంటే పైసలు వాపస్ వస్తయా?"

ఈ ఉత్తరంలో అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ బండి ఎవరినైనా గుద్దితే కేసు ఎవరి మీద? మిగతా రెండు ప్రశ్నలూ దానికే ముడిపడి ఉన్నాయి కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

కేసు మీ మీదే. బండి తనంతట తాను నడవడాన్ని సున్నా నుంచి ఐదు దాకా మెట్లుగా లెక్కిస్తారు. మన షోరూముల్లో ఏడాస్ (డ్రైవరుకు సాయపడే ఏర్పాటు) పేరుతో అమ్మేది రెండో మెట్టు దాటదు. ముందు బండికి దూరం పాటించడం, గీత దాటుతుంటే స్టీరింగ్‌ను కొద్దిగా తిప్పడం, ఢీకొట్టబోతే బ్రేక్ వేయడం దాని పనులు. రోడ్డును చూస్తూ ఉండటం మీ పని. లైసెన్సు ఉన్నది మీకు, సాఫ్ట్‌వేర్‌కు కాదు. ప్రమాదకరంగా నడిపితే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. "అప్పుడు బండే నడుపుతోంది సార్" అనే మాటకు ఈ సెక్షన్లలో చోటు లేదు. గాయపడ్డవారికి పరిహారం బీమా కంపెనీ కట్టొచ్చు, మీ బదులు జైలుకు మాత్రం ఎవరూ వెళ్లరు. డ్రైవర్లు లేని కార్లను ఈ దేశంలోకి రానివ్వబోమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ, 2023లోనూ చెప్పారు. లక్షలమంది డ్రైవర్ల బతుకుతెరువు పోతుందన్నది ఆయన చెప్పిన కారణం.

అమెరికాలోనూ డ్రైవరును వదిలిపెట్టలేదు. 2019లో ఫ్లోరిడాలో ఒకాయన టెస్లా కారును ఆటోపైలట్‌లో పెట్టి, కింద పడ్డ ఫోన్ కోసం వెతుకుతుండగా కారు ఆగి ఉన్న బండిని ఢీకొట్టి ఒక యువతి చనిపోయింది. 2025 ఆగస్టులో మయామి జ్యూరీ కంపెనీది 33 శాతం తప్పని తేల్చి, 24 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. వార్తల్లో మోగింది ఆ అంకె. మిగిలిన 67 శాతం తప్పు డ్రైవరుదేనన్న సంగతి చాలామంది చెవిన పడలేదు.

ఇక మీ రోడ్డు సంగతి. లేన్ పట్టుకుని నడపాలంటే కెమెరాకు రోడ్డు మీద గీత కనిపించాలి. కిషన్‌బాగ్ నుంచి బహదూర్‌పురా దాకా సాయంత్రం ఒక్కసారి గీతలు వెతుక్కుంటూ వెళ్లండి. పండ్ల బండి, ఎదురుగా వచ్చే బైకు, మలుపులో ఆగిన ఆటో, ఆదివారమైతే జూపార్కుకు వచ్చే జనం, పండగనాడు మీర్ ఆలం ఈద్గా దగ్గర నమాజుకు వచ్చేవాళ్లు, బక్రీద్ ముందు మేకల మందలు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బైకులనూ ఆటోలనూ రానివ్వరు కాబట్టి అవన్నీ దాని కింద, పిల్లర్ల మధ్యనే తిరుగుతాయి. ఇది మన అనుమానం మాత్రమే కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన పదివేల బొమ్మలతో ఒక సమాచార నిధిని తయారుచేశారు. విదేశీ రోడ్ల బొమ్మలతో నేర్చుకున్న యంత్రం మన వీధుల్లో తడబడుతుందనే ఆ పని పెట్టుకున్నారు. ఆటోరిక్షానూ, జంతువులనూ అందులో విడిగా గుర్తుపెట్టాల్సి వచ్చింది. ఐఐటీ హైదరాబాద్ కంది ప్రాంగణంలో డ్రైవర్ లేని బండ్లను పరీక్షించడానికి టిహాన్ పేరిట ప్రత్యేక మైదానమే కట్టారు, 2022 జూలైలో ప్రారంభమైంది. పరిశోధన అక్కడ సాగుతోంది, మీ గల్లీలో కాదు.

అలాగని ఏడాస్ అంతా దండగ అని నేను అనను. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద గీతలు ఉంటాయి, ఎదురు బండ్లు ఉండవు. రాత్రిపూట అలసిపోయి వచ్చేవాడికి దానంతటదే పడే బ్రేకు ప్రాణం కాపాడొచ్చు. వారానికి రెండుసార్లు కర్నూలో బెంగళూరో వెళ్లేవారైతే ఆ లక్షన్నరకు విలువ ఉంది. దుకాణానికీ, పిల్లల బడికీ, శుక్రవారం మసీదుకూ తిరిగే కారైతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకొకటి, ఆ కెమెరా ముందు అద్దం వెనకే ఉంటుంది. రాయి తగిలి అద్దం మార్చాల్సి వస్తే కెమెరాను మళ్లీ సరిచేయించాలి. ఆ ఖర్చు బీమా పాలసీలో వస్తుందో లేదో ముందే అడగండి.

కొనాలనే అనుకుంటే ఇక్కడ జాగ్రత్త. షోరూం పిలగాడు నోటితో అన్న మాట కంపెనీ అన్న మాట కాదు. 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. డీలరు 2009లో తయారైన బండిని 2011 మోడల్ అని అంటగట్టాడన్నది గోవా కొనుగోలుదారు ఫిర్యాదు. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసని చూపించలేకపోతే కంపెనీ బాధ్యురాలు కాదని కోర్టు చెప్పింది. అందుకే మాటను కాగితం మీదికి తెప్పించండి. మీకు వాట్సాప్ చేసిన బ్రోచర్, కొటేషన్, బుకింగ్ ఫారం దాచుకోండి. "ఈ మోడల్‌లో ఈ పనులు ఉంటాయని మీ డీలర్ చెప్పారు, నిజమేనా?" అని కంపెనీకే ఒక ఈమెయిల్ పెట్టండి. మీ ఫోన్‌లోని మెసేజ్‌లు తుడిచేయకండి.

ప్రకటన పైన పెద్ద అక్షరాల్లో "తనంతట తాను నడిచే కారు", అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "డ్రైవర్ పర్యవేక్షణ తప్పనిసరి" అని రాస్తే చెల్లదు. పైన చెప్పిన గొప్పను కింది షరతు కాదనకూడదని, రెండూ ఒకే భాషలో, ఒకే అక్షరాల్లో ఉండాలని 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి తప్పుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

డబ్బు తీసుకుని ఇస్తామన్న రక్షణ అవసరమైనప్పుడు అందకపోతే? హ్యుందాయ్ క్రెటా కేసు గుర్తుపెట్టుకోండి. 2017లో ఢిల్లీ–పానిపట్ దారిలో ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. దెబ్బ చాలినంత బలంగా తగల్లేదంది కంపెనీ. ఢీకొన్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పి, పరిహారం కట్టి కారు మార్చి ఇవ్వమన్న ఆదేశాన్నే నిలబెట్టింది. నాకు ఎంతో నచ్చిన తీర్పు ఇది. అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడే. కానీ మీరు ఆ వస్తువును వాడకూడని విధంగా వాడితే 87వ సెక్షన్ దాన్ని అమ్మినవారిని కాపాడుతుంది. చేతులు వదిలేసి ఫోన్ చూస్తూ కూర్చుంటే పోయేది ప్రాణమే కాదు, మీ కేసు కూడా.

రేపు వచ్చే దానికి ఇవాళే డబ్బు కట్టడం గురించి కూడా చెప్పాలి. 2025 జూలైలో టెస్లా ముంబైలో తొలి షోరూం తెరిచినప్పుడు, దాదాపు 60 లక్షల నుంచి మొదలయ్యే కారు మీద "ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్"కు మరో 6 లక్షలు అడిగింది. ఇప్పుడున్న పనులకు డ్రైవర్ నిఘా తప్పదనీ, వాటితో కారు స్వయంచాలితం కాదనీ ఆ కంపెనీయే రాసింది. అమెరికాలో ఈ సాఫ్ట్‌వేర్‌ను ముందే కొన్న పాత కార్లవాళ్లకు, లోపలి కంప్యూటర్ చాలదు, మార్చాల్సి వస్తుందని 2025 జనవరిలో కంపెనీ అధిపతే ఒప్పుకున్నారు. ఏ కంపెనీ బండైనా సరే, కారు అమ్మితే ఆ సాఫ్ట్‌వేర్ కొత్త యజమానికి పోతుందా, చందా ఆపితే ఏమి మిగులుతుంది, ఇస్తామన్నది ఏ తేదీలోగా ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి. తేదీ లేని హామీకి వెల కట్టకండి.

ఇక పైసలు వాపస్ అడిగే సంగతి. ఫిర్యాదుకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేయండి, చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే జిల్లా కమిషన్. కారుకు కట్టిన ధర 50 లక్షల లోపైతే అక్కడే. 10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు 400 రూపాయలే. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతిలో ఇంటి నుంచే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే వేసే హక్కు 34వ సెక్షన్ ఇచ్చింది. బహదూర్‌పురా మండలంలో ఉంటే హైదరాబాద్ జిల్లా, అత్తాపూర్ వైపు ఇల్లయితే రంగారెడ్డి జిల్లా. గడువు రెండేళ్లు. ఒప్పందంలోని షరతే అన్యాయమని సవాలు చేయాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

మీరు ఈ రాత్రే ఆ పిలగాడికి ఒక వాట్సాప్ పెట్టండి: "స్టీరింగ్ మీద చెయ్యి లేకున్నా బండి నడుస్తదన్నారు. అదే మాట కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే రేపే బుక్ చేస్తా." ఏమని జవాబు వచ్చిందో నాకు మళ్లీ రాయండి.